పిల్లికూనల్లో ఎముకల బలహీనత, విటమిన్ డి లోపం: విశాఖ పెంపకందారులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పశువైద్యురాలిని కాను. పెద వాల్తేరులోని మా ఇంట్లో, తల్లి లేని పిల్లికూనలను పెంపకానికి ఎవరైనా తీసుకునే వరకు సాకుతుంటాను. వాటిని తీసుకెళ్లినవారు కొన్ని వారాలకు ఫోన్ చేసి అడిగే సందేహాలు ప్రతిసారీ ఇంచుమించు ఒకేలా ఉంటున్నాయి కనుక, వైద్యుల దగ్గర కూర్చుని నేర్చుకున్నదీ, చదివి తెలుసుకున్నదీ ఒకచోట చేర్చి రాస్తున్నాను. మందుల మోతాదులు ఇందులో ఉండవు. అవి కూనను చూసిన డాక్టరు గారే నిర్ణయించాలి.

## మొదటి అనుమానం వచ్చినప్పుడు

రెండు రోజులుగా మా పిల్లికూన కుంటుతోంది, ఎత్తుకుంటే అరుస్తోంది. ఎక్కడి నుంచో దూకి ఉంటుందిలే అని ఊరుకోవచ్చా?

ఊరుకోకూడదు. రెండు నుంచి ఆరు నెలల వయసులో, ముఖ్యంగా ఉత్త మాంసమో, చేప ముక్కలో, పాలన్నమో తింటూ పెరుగుతున్న కూన కుంటుతున్నదంటే ముందుగా ఎముకల బలాన్నే అనుమానించాలి. దెబ్బ తగిలిన కూన ఒక కాలు ఎత్తి పెట్టుకుంటుంది. ఎముకలు పలచబడిన కూన మాత్రం మొత్తంగా మందగిస్తుంది: ఆట మానేస్తుంది, దూకే ముందు తటపటాయిస్తుంది, వెనుక కాళ్లు పక్కలకు పరిచి కూర్చుంటుంది, నడుము మీద చెయ్యి వేస్తే విసుక్కుంటుంది.

మా దగ్గర పెరిగిన జున్ను అనే కూనలో నేను మొదట చూసిన గుర్తు కుంటడం కాదు. రోజూ దూకి దిగే దివాను అంచు దాకా వచ్చి, ముందు కాళ్లు రెండూ కిందికి చాచి, నేలను కాసేపు చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మూడు రోజులు అలాగే చేసింది. భయపడుతోందని నేను అనుకున్నాను. నాలుగో రోజున ఎత్తుకోబోతే అది అరిచిన అరుపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

కింద పడకుండానే కాలు విరిగిందని డాక్టరు గారు చెప్పారు. అదెలా సాధ్యం?

శరీరానికి ఎముకలు కాల్షియం గాదె వంటివి. గుండె కొట్టుకోవడానికి, కండరాలు కదలడానికి రక్తంలో కాల్షియం ఎప్పుడూ ఒక స్థాయిలో ఉండి తీరాలి. తిండిలో అది చాలనప్పుడు, లేదా భాస్వరం మరీ ఎక్కువైనప్పుడు, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎక్కువ హార్మోన్‌ను విడుదల చేసి ఎముకల్లోని కాల్షియాన్ని రక్తంలోకి తోడిస్తాయి. పెద్ద పిల్లి గాదెలో నిల్వ ఉంటుంది కనుక కొంతకాలం తట్టుకుంటుంది. ఇంకా ఎముక కట్టుకుంటున్న కూనకు ఆ నిల్వ ఉండదు కనుక, తప్పుడు తిండి మొదలైన నాలుగైదు వారాలకే లక్షణాలు బయటపడవచ్చు. ఎముక గోడ అట్టముక్కలా పలచబడ్డాక, సోఫా మీద నుంచి మామూలుగా దిగినా పచ్చి పుల్ల వంగి చిట్లినట్టు చిట్లుతుంది. ఈ జబ్బును వైద్యులు పోషకాహార లోపం వల్ల వచ్చిన సెకండరీ హైపర్‌పారాథైరాయిడిజం అంటారు.

ఒకరు రికెట్స్ అన్నారు, ఇంకొకరు కాల్షియం లోపం అన్నారు. రెండూ ఒకటేనా?

ఒకటి కావు, కానీ దగ్గరి చుట్టాలు. కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ ఉన్న తిండి వల్ల తయారైన ఎముకే కరిగిపోతూ ఉండడం హైపర్‌పారాథైరాయిడిజం. విటమిన్ డి చాలక, పెరిగే ఎముక చివర్లలోని మృదులాస్థి గట్టిపడకుండా ఉండిపోవడం రికెట్స్. రికెట్స్‌లో మణికట్టు వంటి కీళ్ల దగ్గర ఉబ్బు, పక్కటెముకల మీద పూసల వరుస వంటి బుడిపెలు, కాళ్ల వంకర కనిపిస్తాయి. పిల్లుల్లో మొదటిదే ఎక్కువ, అచ్చమైన రికెట్స్ అరుదు. అయితే కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి చేరడానికి విటమిన్ డి కావాలి కనుక, లోపభూయిష్టమైన తిండి తినే కూనలో రెండు లోపాలూ కలిసి ఉండవచ్చు.

మా కూన రోజూ పొద్దున్నే బాల్కనీలో ఎండలో పడుకుంటుంది. విశాఖ ఎండలో ఉండే పిల్లికి విటమిన్ డి లోపం ఏమిటి?

ఈ ప్రశ్న నన్ను అడగని ఇల్లు లేదు. పసిపిల్లలకు నూనె రాసి లేత ఎండలో పడుకోబెట్టే అలవాటు మనది కనుక ఈ నమ్మకం సహజమే. మనుషుల విషయంలో అది నిజం కూడా. మన చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అదే విటమిన్ డి3గా మారుతుంది. పిల్లి చర్మంలో ఆ ముడిసరుకు నిలవదు. ఒక ఎంజైము దానిని వెంటనే కొలెస్టరాల్‌గా మార్చేస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన జేమ్స్ మోరిస్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, ఆ ఎంజైమును మందుతో అడ్డుకున్నప్పుడు మాత్రమే పిల్లుల చర్మంలో విటమిన్ డి తగినంతగా తయారయినట్టు తేలింది.

కనుక ఎండ పిల్లికి వెచ్చదనాన్ని, సుఖాన్ని ఇస్తుంది కానీ విటమిన్ డిని ఇవ్వదు. వేటాడి బతికే పిల్లికి ఎలుక, పిట్ట వంటి వాటి కాలేయం, కొవ్వు, రక్తం నుంచి విటమిన్ డి, వాటి ఎముకల నుంచి కాల్షియం దొరుకుతాయి. ఎండతో దానికి అవసరం రాలేదు. ఇంట్లో పెరిగే కూనకు ఆ రెండూ మనం పెట్టే గిన్నెలోనే ఉండాలి. ఎముకలు గట్టిపడతాయని మే నెల మధ్యాహ్నం మేడ మీద వదిలితే వడదెబ్బ తగులుతుంది తప్ప ఇంకేమీ జరగదు.

రోజూ స్కిన్‌లెస్ చికెన్ ఉడికించి పెడుతున్నాం. అంతకన్నా బలమైన తిండి ఏముంటుంది?

మాంసకృత్తుల పరంగా అది బలమైనదే, ఎముకల పరంగా మాత్రం దాదాపు ఖాళీ తిండి. ఎముక లేని 100 గ్రాముల చికెన్‌లో భాస్వరం సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటే, కాల్షియం పది మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, అంటే ఒకటికి ఇరవై. పెరిగే కూనకు కాల్షియం భాస్వరంతో సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉండాలి. చికెన్ ఎంత ఎక్కువ పెడితే భాస్వరం అంత పెరిగి, ఎముకల మీద ఒత్తిడి కూడా అంత పెరుగుతుంది. ఈ జబ్బుతో వచ్చే కూనల్లో చాలావాటిని పెంచినవారు తిండికి లోటు చేసినవారు కారు, ప్రేమగా మెత్తటి మాంసం ఏరి పెట్టినవారే. జున్నుకు ఐదు వారాల పాటు చికెన్ రొమ్ము మాంసం మాత్రమే పెట్టింది నేనే.

ఫిషింగ్ హార్బర్ నుంచి తాజా చేపలు తెస్తాం. చేపల్లో విటమిన్ డి ఉంటుంది కదా?

కొవ్వు ఎక్కువగా ఉండే సముద్రపు చేపల్లో విటమిన్ డి బాగానే ఉంటుంది. కానీ ముల్లు తీసేసిన వంజరం ముక్కలోనో, సూర ముక్కలోనో కాల్షియం ఉండదు, ఎందుకంటే అది ఉన్నది మనం తీసిపారేసిన ముల్లులోనే. నెత్తళ్ల వంటి చిన్న చేపలను ముల్లుతో సహా మెత్తగా ఉడికించి పెడితే కొంత కాల్షియం అందుతుంది, అయినా రోజూ అదే తిండి కాకూడదు. సూర వంటి చేపనే రోజూ పెడితే విటమిన్ ఇ తరిగిపోయి చర్మం కింది కొవ్వు వాచి నొప్పి పెట్టే జబ్బు రావచ్చు. కొన్ని పచ్చి చేపల్లో ఉండే ఎంజైము విటమిన్ బి1ని నాశనం చేస్తుంది. ఎండు చేపల్లోని ఉప్పు కూనకు తగదు. చేప వారానికి ఒకటి రెండు సార్లు రుచికి పెట్టదగినది.

పాలు, పెరుగన్నం పెడితే కాల్షియం సరిపోదా?

సరిపోదు. 100 మిల్లీలీటర్ల ఆవు పాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. వేగంగా పెరిగే కూన రోజు అవసరానికి అది చిన్న భాగం. పాలలో విటమిన్ డి దాదాపు లేదనే చెప్పాలి. పాలలోని లాక్టోజ్ చాలా కూనలకు అరగదు కనుక విరేచనాలు పట్టుకుంటే ఉన్న పోషకాలు కూడా బయటికి పోతాయి. అన్నం కడుపు నింపుతుంది, అంతే.

కోడి కార్జంలో విటమిన్లు ఎక్కువ అంటారు. రోజూ పెట్టవచ్చా?

పెట్టకూడదు. కార్జంలో కొంత విటమిన్ డి ఉన్నమాట నిజమే కానీ, భాస్వరానికీ కాల్షియానికీ మధ్య తేడా మాంసంలో కన్నా ఎక్కువ. పైగా విటమిన్ ఏ విపరీతంగా ఉంటుంది. నెలల తరబడి కార్జమే తిన్న పిల్లుల్లో మెడ వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి, తల వంచి ఒళ్లు నాక్కోలేని స్థితి వస్తుంది.

మేం శాకాహారులం. పప్పన్నం, గుడ్డు లేని తిండితో పెంచవచ్చా?

పిల్లి శరీరం మాంసం తినడానికే ఏర్పడింది. టారిన్ అనే పోషకం, సిద్ధంగా ఉన్న విటమిన్ ఏ వంటివి దానికి జంతు ఆహారంలోనే సహజంగా దొరుకుతాయి. మొక్కల నుంచి వచ్చే విటమిన్ డి2ని అది డి3 అంత సమర్థంగా వాడుకోలేదు. పప్పుల్లోని ఫైటేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. వంటింట్లో మాంసం వండలేని ఇళ్లకు ప్యాకెట్‌లో వచ్చే సంపూర్ణ కిట్టెన్ ఆహారమే దారి. అది కూడా ఇష్టం లేకపోతే, మరో జంతువును పెంచుకోవడం ఆ కూనకు న్యాయం చేసినట్టవుతుందని నా అభిప్రాయం.

## ఆసుపత్రిలో

కదిపితేనే అరుస్తోంది. ఆసుపత్రికి ఎలా తీసుకెళ్లాలి?

అడుగు గట్టిగా ఉండే ప్లాస్టిక్ బుట్టలోనో, అట్టపెట్టెలోనో మందపాటి తువ్వాలు పరిచి, కూన పడుకున్న గుడ్డతో సహా రెండు చేతుల మీద ఎత్తి అందులో పెట్టాలి. మెడ తోలు పట్టి ఎత్తకూడదు, భుజాన వేసుకోకూడదు. ఆటోలో పెట్టెను సీటు మీద కాకుండా ఒళ్లో పెట్టుకుని, స్పీడ్ బ్రేకర్ల దగ్గర మెల్లగా పోనివ్వమని డ్రైవరుకు ముందే చెప్పండి. వెన్నెముక పలచబడిన కూనకు ఒక్క కుదుపు చాలు.

ఎక్స్‌రేలో ఏం తెలుస్తుంది?

ఆరోగ్యమైన ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, మాంసం బూడిద రంగులో కనబడతాయి. జున్ను ఎక్స్‌రేను డాక్టరు గారు వెలుతురుకు ఎత్తి చూపినప్పుడు తొడ ఎముక ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో నాకు తెలియలేదు. ఎముకకూ చుట్టూ ఉన్న మాంసానికీ రంగులో తేడా అంత తక్కువగా ఉంది. ఎముక గోడలు పెన్సిలు గీతల్లా ఉన్నాయి. పొట్టలో ఆ పూట తిన్న తిండి ఎముకల కన్నా స్పష్టంగా కనిపించింది. వైద్యులు ఈ పలచదనంతో పాటు చిట్లిన చోట్లు, వెన్నెముక వంపు, కటి వలయం (నడుము కింద ఉండే ఎముకల చట్రం) నొక్కుకుపోయిందా అన్నవి చూస్తారు. ఎముకల చివర్లలోని పెరుగుదల ఫలకాలు వెడల్పయి, వాటి అంచులు గిన్నెలా గుంట పడి ఉంటే రికెట్స్ వైపు, అవి మామూలుగా ఉండి ఎముక మొత్తం పలచబడితే హైపర్‌పారాథైరాయిడిజం వైపు ఆలోచిస్తారు.

రక్తపరీక్షలో కాల్షియం నార్మల్ వచ్చింది. అంటే జబ్బు లేనట్టేనా?

కాదు. ఎముకలను కరిగించి మరీ రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టడమే ఈ జబ్బు స్వభావం కనుక, ఎముకలు గుల్లబారిన కూనలోనూ ఆ అంకె మామూలుగా ఉండవచ్చు. అయనైజ్డ్ కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, 25-హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్షలు ఇంకా స్పష్టత ఇస్తాయి. అవి చేయించే వీలు లేకపోయినా, తిండి చరిత్ర, ఎక్స్‌రే రెండూ కలిపి చూసి వైద్యులు చాలాసార్లు చికిత్స మొదలుపెట్టగలరు.

డాక్టరు గారికి ఏమేం చెప్పాలి?

కూన ఇంటికి వచ్చిన తేదీ, అప్పటి నుంచి రోజూ ఏం తిన్నదో దాచకుండా చెప్పండి. వాడిన ప్యాకెట్ల ఫోటోలు, ఇచ్చిన సిరప్‌ల సీసాలు వెంట తీసుకెళ్లండి. చివరిసారి మలవిసర్జన ఎప్పుడు జరిగిందో కూడా చెప్పాలి. జబ్బు చిక్కుముడిగా ఉంటే విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాలకు వెళ్లడం గురించి మీ డాక్టరు గారినే అడగండి.

## చికిత్స జరుగుతున్నప్పుడు

కాల్షియం సిరప్ ఇస్తే తగ్గిపోతుందా?

తిండి మార్చకుండా సిరప్ ఒక్కటే ఇస్తే తగ్గదు. అసలు మందు ఆహారమే: కాల్షియం, భాస్వరం, విటమిన్ డి సరైన పాళ్లలో ఉన్న సంపూర్ణ కిట్టెన్ ఆహారం. తీవ్రంగా ఉన్నప్పుడు మొదటి కొన్ని వారాలు వైద్యులు అదనంగా కాల్షియం రాస్తారు. మెడికల్ షాపులో దొరికే టానిక్‌లలో భాస్వరం కలిసినవి ఉంటాయి, మనుషుల మోతాదులో విటమిన్ డి కలిసినవీ ఉంటాయి. లేబుల్ డాక్టరు గారికి చూపించకుండా ఒక్క చుక్క కూడా పోయవద్దు.

మా అమ్మగారికి రాసిన 60,000 యూనిట్ల విటమిన్ డి సాచెట్ ఉంది. చిటికెడు కలపవచ్చా?

దయచేసి ఆ పని చేయవద్దు. ఆ సాచెట్‌లో 1.5 మిల్లీగ్రాముల విటమిన్ డి ఉంటుంది. కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము దాటితేనే జంతువుల్లో విష లక్షణాలు మొదలవుతాయని పశువైద్యులు లెక్కవేస్తారు. కిలో బరువున్న కూనకు సాచెట్ మొత్తం ఆ హద్దుకు పదిహేను రెట్లు. చిటికెడు కూడా హద్దు దాటగలదు. ఎక్కువైన విటమిన్ డి రక్తంలో కాల్షియాన్ని అమాంతం పెంచి మూత్రపిండాలను పాడుచేస్తుంది, కొవ్వులో నిలిచిపోయి వారాల తరబడి బాధిస్తుంది. వాంతులు, తిండి మానడం, విపరీతమైన దాహం కనిపిస్తే, లేదా పొరపాటున ఇచ్చినట్టు తెలిస్తే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

నొప్పికి పారాసిటమాల్ సిరప్ వేయవచ్చా?

వేయకూడదు. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు కనుక కొద్ది మోతాదే ప్రాణం తీస్తుంది. పిల్లులకు తగిన నొప్పి మందులు వైద్యుల దగ్గర ఉన్నాయి. నొప్పి ఉందని గట్టిగా చెప్పి అడగండి.

బోనులో పెట్టమన్నారు. చూస్తుంటే పాపం అనిపిస్తోంది. ఎన్నాళ్లు?

సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. ఇది శిక్ష కాదు, ఎముక గట్టిపడేలోపు కొత్తగా విరగకుండా కాపాడే ఏకైక మార్గం. కూన లేచి తిరగగలిగేంత వెడల్పు ఉండి, దూకడానికి వీల్లేనంత తక్కువ ఎత్తు ఉంటే చాలు. అడుగున జారని మెత్తటి పరుపు, అంచు తక్కువగా ఉన్న ఇసుక ట్రే, పక్కనే నీళ్లు పెట్టండి. గోడ వైపు కాకుండా మనుషులు తిరిగే గదిలో, ఫ్యాను గాలి తగిలేచోట ఉంచండి. వారం పది రోజులకు నొప్పి తగ్గి కూన హుషారుగా కనబడుతుంది, చాలా ఇళ్లలో బోను తలుపు తెరిచేది అప్పుడే. కానీ ఎముక ఇంకా పలచగానే ఉంటుంది. జున్ను కూడా పన్నెండో రోజున తలుపు గోకడం మొదలుపెట్టింది. ఎక్స్‌రే మళ్లీ తీసేదాకా తీయకూడదని ఆ గడియకు తాడు కట్టి ఉంచాను.

విరిగిన కాలికి కట్టు ఎందుకు వేయలేదు?

పలచబడిన ఎముకకు కట్టు బరువు కూడా భారమే. కట్టు ఆగిన చోట పైనో కిందో ఎముక మళ్లీ విరగవచ్చు. రాడ్డు, స్క్రూ వేస్తే పట్టు నిలవదు. అందుకే ఎక్కువ సందర్భాల్లో విశ్రాంతి, ఆహారంతోనే అతుక్కోనిస్తారు.

కొత్త ఆహారం మూతి కూడా పెట్టడం లేదు. ఆకలేస్తే అదే తింటుందని వదిలేయవచ్చా?

వదిలేయవద్దు. కూనలు ఒక పూట పస్తుకే నీరసిస్తాయి. అలవాటైన చికెన్‌ను మెత్తగా చేసి అందులో కొత్త ఆహారం కొద్దిగా కలిపి, రోజురోజుకూ పాళ్లు మార్చుతూ వారంలో పూర్తిగా మార్చండి. గోరువెచ్చని నీళ్లతో తడిపితే వాసన లేచి చాలా కూనలు ముట్టుకుంటాయి. ఒక రోజంతా తినకపోతే డాక్టరు గారికి చెప్పండి.

ఒళ్లు వణుకుతోంది, ఫిట్స్‌లా వచ్చింది. ఏం చేయాలి?

వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తంలో కాల్షియం పడిపోయి ఉండవచ్చు. గుండెను గమనిస్తూ కాల్షియం గ్లూకోనేట్‌ను నరంలోకి మెల్లగా ఎక్కించవలసి ఉంటుంది. నోట్లో ఏమీ పోయకండి.

## కోలుకుంటున్నప్పుడు, ఆ తరువాత

మళ్లీ మామూలుగా అవుతుందా? వంకర పోతుందా?

వెన్నుపాము దెబ్బతినని కూనలు ఎక్కువ భాగం బాగా కోలుకుంటాయి. మూడు నాలుగు వారాలకు తీసే ఎక్స్‌రేలో ఎముకలు తెల్లబడడం కనిపిస్తుంది. కాళ్లలోని కొద్దిపాటి వంపు పెరుగుదలతో పాటు సర్దుకోవచ్చు కానీ, వెన్నెముక వంపు, కటి వలయం ఇరుకు మిగిలిపోతాయి. వెన్నుపూస విరిగి వెనుక కాళ్లు చచ్చుబడిన కూనల విషయంలో ఆశ తక్కువ, ఆ మాట డాక్టరు గారిని సూటిగా అడిగి తెలుసుకోవాలి.

జబ్బు తగ్గింది కానీ మలం రావడానికి బాగా ముక్కుతోంది. ఎందుకు?

మెత్తబడిన రోజుల్లో కటి ఎముకలు లోపలికి నొక్కుకుని, మలం దిగే దారి ఇరుకై ఉంటుంది. తడి ఆహారం, ఎక్కువ నీరు, డాక్టరు గారు రాసే లాక్టులోజ్ వంటి మందుతో చాలా పిల్లులు జీవితాంతం బాగానే ఉంటాయి. రెండు రోజులు మలం రాకపోతే ఆగవద్దు, ఎందుకంటే గట్టిపడిన మలం పెద్దపేగును సాగదీసి శాశ్వతంగా చెడగొడుతుంది.

మాది ఆడ పిల్లి. ఒక ఈత చూసి ఆపరేషన్ చేయించవచ్చా?

ఈ జబ్బు వచ్చి తగ్గిన ఆడ పిల్లికి ఒక్క ఈత కూడా వద్దు. ఇరుకైన కటిలో పిల్ల అడ్డుపడితే తల్లీ పిల్లా ఇద్దరి ప్రాణమూ పోవచ్చు. ఎముకలు గట్టిపడ్డాయని తేలగానే, మొదటి ఎదకు ముందే ఆపరేషన్ గురించి మాట్లాడండి. నాలుగైదు నెలలకే ఎదకు వచ్చే పిల్లులు ఉన్నాయి.

రెండు నెలలుగా సరైన ఆహారమే పెడుతున్నా ఎముకలు గట్టిపడలేదు. ఇంకేం కారణం ఉంటుంది?

విటమిన్ డిని శరీరం పనికొచ్చే రూపంలోకి మార్చుకోలేని, లేదా మారినదానికి కణాలు స్పందించని జన్యులోపాలు పిల్లుల్లో అరుదుగా ఉన్నాయి. కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో మరోసారి మారితేనే విటమిన్ డి కాల్సిట్రియాల్ అవుతుంది. ఈ రెండు మెట్లలో ఏది తప్పినా రికెట్స్ వస్తుంది. లోపం ఏ మెట్టులో ఉందో రక్తపరీక్షలతో తెలుసుకుని, తరచూ కాల్షియం చూసుకుంటూ కాల్సిట్రియాల్ వంటి మందు ఇస్తారు. మూత్రపిండాల జబ్బు, పోషకాలు ఒంటబట్టనివ్వని పేగుల జబ్బు ఉన్నాయేమో కూడా చూడాలి.

## కొత్త కూనను తెచ్చుకునేవారికి

షాపులో పది రకాల ప్యాకెట్లు ఉన్నాయి. ఏది సంపూర్ణమో ఎలా తెలుస్తుంది?

ముందువైపు బొమ్మను వదిలి వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని, దానితో పాటు ‘గ్రోత్’ అనో ‘ఆల్ లైఫ్ స్టేజెస్’ అనో ఉండాలి. అమెరికాలోని ఆఫ్కో సంస్థ ప్రమాణం ప్రకారం పెరిగే కూనల ఆహారంలో, తేమ తీసేసి లెక్కిస్తే, కాల్షియం కనీసం 1 శాతం, భాస్వరం 0.8 శాతం, విటమిన్ డి కిలోకు 280 యూనిట్లు ఉండాలి. ‘కాంప్లిమెంటరీ’, ‘ట్రీట్’, ‘సప్లిమెంటల్ ఫీడింగ్’ అని ఉంటే అది చిరుతిండి మాత్రమే. గ్రేవీలో తేలే చికెన్ ముక్కల పౌచ్‌లు, నాకించే క్రీమ్ గొట్టాలు కొన్ని ఈ కోవవే. కూనలు వాటిని ఎగబడి తింటాయి కనుకే మోసపోతాం.

ఇంటి వంటే పెట్టాలని మా పట్టుదల. గుడ్డు పెంకు పొడి కలిపితే చాలదా?

గుడ్డు పెంకు బరువులో మూడో వంతుకు మించి కాల్షియం ఉంటుంది కనుక, మెత్తగా దంచిన పొడి అర గ్రాముకు కాస్త పైన కలిపితే 100 గ్రాముల చికెన్‌లో కాల్షియం, భాస్వరం దాదాపు సమానమవుతాయి. అంతవరకు మంచిదే. కానీ విటమిన్ డి, విటమిన్ ఇ, అయోడిన్, రాగి అలాగే లోటుగా ఉంటాయి. ఉడికించిన నీళ్లు పారబోస్తే టారిన్ పోతుంది, అది తగ్గితే కంటి చూపు, గుండె దెబ్బతింటాయి. పశుపోషణ చదివిన వైద్యుల చేత రాయించుకున్న కొలతలు, గ్రాముల త్రాసు, పిల్లుల కోసం చేసిన విటమిన్ మిశ్రమం మూడూ ఉంటేనే ఏడాది లోపు కూనకు ఇంటి వంట పెట్టండి.

మా వీధి పిల్లి మెట్ల కింద ఈనింది. తల్లికి ఏం పెడితే పిల్లలకు మంచిది?

పాలిచ్చే తల్లికి కూడా కిట్టెన్ ఆహారమే పెట్టండి. పాల ద్వారా పోయే కాల్షియం దానికి తిరిగి దక్కాలి. నాలుగో వారం నుంచి అదే ఆహారాన్ని నీళ్లతో జావలా కలిపి పళ్లెంలో పెడితే పిల్లలు తల్లి పక్కనే నాకడం నేర్చుకుంటాయి. ఎనిమిది వారాలు నిండే వరకు వాటిని తల్లి నుంచి విడదీయవద్దు. ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఆ ప్యాకెట్‌లోంచి వారానికి సరిపడా ఆహారం కట్టి, కూనతో పాటే చేతికివ్వండి.